బడ్కీ, మఝ్లీ, ఛుట్కీ ఆ తర్వాత ఏమయ్యారు?



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతున్నదో ఆ మాస్టారు ఢిల్లీలో తెలుగు నాటకాలు ఆడించిన మనిషి. పగలు సర్కారు ఉద్యోగం, సాయంత్రం రిహార్సలు. వేషం అడగడానికి ఆడపిల్ల ఎవరైనా వస్తే ఆయన మొదటి ప్రశ్న "ఏం చదువుతున్నావమ్మా?" రెండోది "ఇంట్లో చెప్పే వచ్చావా?" ఆ రెండింటికీ జవాబు వచ్చాకే డైలాగు చదివించేవారు. వేదికల మీద తనను పొగిడితే ఆయన లేచి బయటికి వెళ్లిపోయేవారు. అందుకని పొగడ్తలు పక్కన పెట్టి, ఆయన అడిగే ఆ ప్రశ్నల వెనకున్న భయాన్నే ఈ రోజు విషయంగా తీసుకున్నాను. పదహారు, ఇరవై ఏళ్ల వయసులో టీవీ పుణ్యమా అని ఇంటింటి పిల్ల అయిపోయిన అమ్మాయి, నలభై ఏళ్లు వచ్చేసరికి ఎక్కడుంటుంది? ఏం తింటుంది?

ఈ ప్రశ్న ముందుగా అమెరికాలో పుట్టింది. అక్కడ 1951లో 'ఐ లవ్ లూసీ' మొదలైన దగ్గర్నుంచి వారం వారం అరగంట సేపు నవ్వించే కుటుంబ ధారావాహికలు వెల్లువెత్తాయి. ప్రతి కుటుంబానికీ ఒక కూతురు కావాలి. ఆ కూతురు ముద్దుగా ఉండాలి, గడుసుగా ఉండాలి, అన్నిటికీ మించి పెద్దది కాకూడదు. పాత్రకు ఆ వెసులుబాటు ఉంటుంది కానీ మనిషికి ఉండదు కదా.

పాటీ డ్యూక్ సంగతి చూడండి. 'ది మిరాకిల్ వర్కర్' సినిమాలో హెలెన్ కెల్లర్‌గా నటించి 16 ఏళ్లకే ఆస్కార్ అందుకున్న పిల్ల. ఆ ఏడాదే, అంటే 1963లో, ఆమె పేరు మీదే 'ది పాటీ డ్యూక్ షో' మొదలైంది. అందులో ఒకేలా ఉండే ఇద్దరు కజిన్లుగా ద్విపాత్రాభినయం. ఆ షో న్యూయార్క్‌లో తీశారు. ఎందుకంటే కాలిఫోర్నియాలో పిల్లలు రోజుకు ఇన్ని గంటలే పనిచేయాలన్న నిబంధన గట్టిగా ఉండేది. చట్టం ఎక్కడ వదులుగా ఉంటే కెమెరా అక్కడికి నడిచింది. ఆమెను పెంచి, నటన నేర్పిన మేనేజరు దంపతులు ఆమె అసలు పేరు ఆనా అన్నది కూడా తీసేశారు. సంపాదనలో చాలా భాగం వాళ్ల చేతుల్లోనే హరించుకుపోయింది. ఆమె 1987లో రాసుకున్న ఆత్మకథలో ఇదంతా ఉంది. అదే పాటీ డ్యూక్ 1985 నుంచి 1988 దాకా అమెరికా నటీనటుల యూనియన్‌కు అధ్యక్షురాలిగా పనిచేశారు. దెబ్బ తిన్న మనిషే హక్కుల గురించి మాట్లాడే కుర్చీలో కూర్చోవడం నాకు నచ్చిన సంగతి.

'ది బ్రేడీ బంచ్' అని ఇంకొకటి, 1969 నుంచి 1974 దాకా. ముగ్గురు ఆడపిల్లలు, ముగ్గురు మగపిల్లలు. అది తిరిగి తిరిగి దశాబ్దాల పాటు ప్రసారమైంది. కానీ అప్పటి ఒప్పందాల ప్రకారం పునఃప్రసారపు డబ్బు మొదటి కొన్ని విడతలకే వచ్చేది. ఆ తర్వాత ఎన్ని వందల సార్లు వేసినా పిల్లల చేతికి దమ్మిడీ రాదు. ఆ ముగ్గురిలో నడిమి పిల్లగా వేసిన ఈవ్ ప్లమ్ పేరు మీద మాత్రం 1969లో తల్లిదండ్రులు మాలిబూ సముద్రతీరాన ఒక చిన్న ఇల్లు కొన్నారు. అప్పటి ధర 55,300 డాలర్లు. 2016లో అది 39 లక్షల డాలర్లకు అమ్ముడైంది. ఆవిడ చిత్రకారిణిగా స్థిరపడ్డారు. పదకొండేళ్ల పిల్ల సంపాదన పిల్ల పేరు మీదే ఉంచిన అమ్మానాన్నలు వాళ్లు. ఇది విన్నప్పుడల్లా మనవాళ్లలో ఎందరు అలా చేస్తారా అనిపిస్తుంది.

శాలీ ఫీల్డ్ కథ వేరు. 1965లో 'గిడ్జెట్'లో సముద్రపు అలల మీద ఆడే అల్లరి పిల్ల. తర్వాత 1967 నుంచి మూడేళ్లు 'ది ఫ్లయింగ్ నన్'లో గాలిలో ఎగిరే సన్యాసిని. ఆ టోపీ పెట్టుకుని ఎగిరినంత కాలం ఆమెను నటి అని ఎవరూ అనుకోలేదు. ఆవిడ గుట్టుగా యాక్టర్స్ స్టూడియోలో చేరి మళ్లీ ఓనమాలు దిద్దారు. 1976లో 'సిబిల్', 1979లో 'నార్మా రే', ఆ తర్వాత ఆస్కార్. టీవీ ఇచ్చిన పేరు ఆమెకు అడ్డమే అయింది. ఒడ్డుకు చేర్చింది పాఠశాల.

ఇక ఢిల్లీకి వద్దాం. నా అసలు ఉపన్యాసం ఇక్కడ మొదలవుతుంది.

1984 జులై 7న దూరదర్శన్‌లో 'హమ్ లోగ్' మొదలైంది. అది హాస్య ధారావాహిక కాదు, కుటుంబ కథ. ఆ తేడా తెలిసే చెబుతున్నాను. అయినా మన దేశంలో 'టీవీలో మన పక్కింటి అమ్మాయి' అన్న భావన పుట్టిన చోటు అదే. మెక్సికోలో మిగెల్ సబీదో తీసిన, కథలో కలిపి మంచి చెప్పే ధారావాహికల పద్ధతి చూసి, సమాచార ప్రసార శాఖ చొరవ తీసుకుంది. రచన మనోహర్ శ్యామ్ జోషీ, దర్శకత్వం పి.కుమార్ వాసుదేవ్. తీసింది గుర్గావ్‌లోని స్టూడియోలో. ఇవాళ గాజు మేడలు, టోల్ గేట్లు తప్ప ఏమీ కనపడని గుర్గావ్‌లోనే, ఈ దేశపు మొదటి టీవీ ధారావాహిక సెట్టు వేశారంటే మా ఆఫీసు కుర్రాళ్లు నమ్మరు. స్పాన్సర్ మ్యాగీ నూడుల్స్. కుటుంబ నియంత్రణ పాఠం చెప్పడానికి మొదలుపెట్టిన ఈ కథలో మొదటి పదమూడు భాగాలు పాఠంలాగే ఉన్నాయి. జనం ముఖం తిప్పుకున్నారు. అప్పుడు పాఠం తగ్గించి కథ పెంచారు. 1985 డిసెంబరు దాకా 150కి పైగా భాగాలు నడిచింది.

ఆ ఇంట్లో తాగుబోతు తండ్రి బసేసర్ రామ్, అణిగిమణిగి ఉండే తల్లి భాగ్‌వంతి, ముగ్గురు కూతుళ్లు. పెద్దది బడ్కీ, నడిమిది మఝ్లీ, చిన్నది ఛుట్కీ. మన ఇళ్లలో పెద్దమ్మాయి, నడిపమ్మాయి, చిన్నమ్మాయి అన్నట్టే. బడ్కీ పెళ్లి కుదరక, సంఘసేవలో పడి, డాక్టర్ అశ్వినిని చేసుకోవాలా వద్దా అని భాగాలకు భాగాలు తేల్చుకోలేని పిల్ల. ఛుట్కీ డాక్టరు కావాలని పట్టుబట్టిన పిల్ల. మఝ్లీకి సినిమా పిచ్చి. బొంబాయి వెళ్లి తార కావాలని ఇల్లు వదిలి పోతుంది, అక్కడ మోసపోతుంది.

ఈ మఝ్లీ పాత్ర గురించి కాస్త ఆగి ఆలోచించండి. ఢిల్లీలో కూర్చున్న ప్రభుత్వ టీవీ, ఆడపిల్లలకు 'బొంబాయి వెళ్లకండి, పాడైపోతారు' అని చెప్పడానికి ఒక కథ అల్లింది. ఆ కథ చెప్పడానికి ఒక ఆడపిల్లనే నటిగా తెచ్చింది. ఆ అమ్మాయి దివ్యా సేఠ్. ఆమె తల్లి సుష్మా సేఠ్ అదే ధారావాహికలో నాయనమ్మ. సుష్మా సేఠ్ 1964లోనే ఢిల్లీలో 'యాత్రిక్' అనే నాటక బృందం స్థాపకుల్లో ఒకరు. అంటే మఝ్లీగా తెర మీద దారి తప్పిన పిల్ల, తెర వెనక మాత్రం అమ్మ కళ్ల ముందే పని నేర్చుకుంది. ఆ రక్షణ తెర మీద మఝ్లీకి లేదు. నిజ జీవితంలో ఆ రోజు బొంబాయి రైలెక్కిన చాలామంది పిల్లలకూ లేదు.

ఉత్తరాదిలో ఆ ధారావాహికను 65 నుంచి 90 శాతం దాకా టీవీ ఉన్నవాళ్లు చూశారనీ, దక్షిణాది ముఖ్య నగరాల్లో అది 20 నుంచి 45 శాతమనీ, దాని మీద పరిశోధన చేసిన అర్వింద్ సింఘల్, ఎవరెట్ రోజర్స్ లెక్క కట్టారు. ఢిల్లీలో ఉన్న మన తెలుగువాళ్లు ఏ లెక్కలోకి వస్తారో మరి! కరోల్‌బాగ్ గదుల్లో, ఆర్కే పురం క్వార్టర్లలో, హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీ ముందు చాప పరిచి కూర్చున్న మన అమ్మలకు హిందీ సగమే అర్థమయ్యేది. బడ్కీ కష్టం మాత్రం పూర్తిగా అర్థమయ్యేది. పెళ్లి కావలసిన పెద్ద కూతురు ఏ భాషలో ఉన్నా పెద్ద కూతురే.

ప్రతి భాగం చివర సినిమా నటుడు అశోక్ కుమార్ వచ్చి నాలుగు మాటలు చెప్పేవారు. ఆయనకు ఆ పదిహేడు నెలల్లో 4 లక్షల ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం రాసింది పడుచువాళ్లు. బడ్కీని అశ్వినితో త్వరగా పెళ్లికి ఒప్పుకోమని రాసిన ఉత్తరాల ప్రస్తావన ఆయనే తెర మీద తెచ్చారు. నాయనమ్మకు జబ్బు చేస్తే బతికించమని రాశారు. తల్లి భాగ్‌వంతిని 'ఇలా ఉండకూడదు' అని చూపిస్తే, కొందరు ప్రేక్షకులకు ఆవిడే ఆదర్శంగా కనిపించింది. రాసినవాడి ఉద్దేశం ఒకటి, చూసినవాళ్ల మనసు మరొకటి. ఆ ఉత్తరాలు పాత్రలకు వచ్చినవి. పాత్ర అయిపోయాక నటి ఇంటికి ఉత్తరం రాసేవాడు ఉండడు.

'హమ్ లోగ్' అయిపోయింది. జోషీ గారి తర్వాతి పెద్ద ధారావాహిక 'బునియాద్' బొంబాయిలో రమేశ్ సిప్పీ చేతుల్లోకి వెళ్లింది. ఢిల్లీలో దూరదర్శన్ కార్యాలయమున్న మండీహౌస్ మిగిలింది. అంటే ఫైలు ఇక్కడ, సెట్టు అక్కడ. అనుమతి కోసం నిర్మాతలు రాజధాని ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఇక్కడికి వచ్చేవారు. వేషాల కోసం నటులు అదే రైలెక్కి అక్కడికి వెళ్లేవారు. 1989లో ఇక్కడే తీసిన 'ఫౌజీ' నుంచి ఒక ఢిల్లీ కుర్రాడు బొంబాయి వెళ్లి ఏమయ్యాడో చెప్పక్కర్లేదు. ఆ ధారావాహికలో అతని పక్కన నటించిన అమ్మాయిల పేర్లు మీలో ఎందరికి గుర్తున్నాయి? చేతులెత్తమని అడగను లెండి.

బడ్కీగా వేసింది సీమా భార్గవ. 1962లో ఢిల్లీలో పుట్టి, చిన్నప్పటి నుంచే నాటకాల్లో పెరిగిన మనిషి. 'సంభవ్' అనే నాటక బృందంలో పనిచేశారు. అదే 'హమ్ లోగ్'లో నటించిన మనోజ్ పాహ్వాను పెళ్లి చేసుకుని సీమా పాహ్వా అయ్యారు. దేశమంతా గుర్తుపట్టిన ముఖం. అయినా సినిమా వాళ్లకు ఆ ముఖంతో ఏం చేయాలో తోచలేదు. కథానాయికగా పెట్టుకోవడానికి ఆవిడ మరీ మన పక్కింటి పిల్లలా ఉంది! ఏ గుణం ఆమెను ఇంటింటికీ చేర్చిందో ఆ గుణమే వెండితెర గుమ్మం దగ్గర ఆపేసింది. ఏళ్ల తరబడి టీవీలో చిన్నా చితకా పాత్రలు, మళ్లీ మళ్లీ నాటకాలు.

2014లో రజత్ కపూర్ 'ఆంఖోం దేఖీ' తీశారు. పాత ఢిల్లీ ఇరుకు ఇల్లు, ఉమ్మడి కుటుంబం. కళ్లారా చూసిందే నమ్ముతానని ఒట్టు పెట్టుకున్న ఇంటి పెద్దగా సంజయ్ మిశ్రా. ఆయన భార్యగా సీమా పాహ్వా. ఆ సినిమాలో ఆవిడను చూడండి. మొగుడు తత్వం మాట్లాడుతుంటే ఆవిడ చేతులు పనిలో ఉంటాయి, నోరు సణుగుతూ ఉంటుంది, కళ్లు మాత్రం ఆయన మీదే ఉంటాయి. ఈ పిచ్చి ముదిరిందా, తగ్గిందా అని కొలుస్తున్నట్టు. అక్కడ ఆవిడ 'నటిస్తున్నట్టు' ఒక్క చోటా అనిపించదు. ఇది ఒక రోజులో వచ్చే విద్య కాదు. ముప్పై ఏళ్లు ఎవరూ పిలవని రోజుల్లో కూడా రిహార్సలు మానని మనిషికే వస్తుంది. ఆ తర్వాత 'బరేలీ కీ బర్ఫీ', 'శుభ్ మంగళ్ సావధాన్' లాంటి సినిమాలు. దర్శకురాలిగా 'రాంప్రసాద్ కీ తేహర్వీ', 2021లో థియేటర్లకు వచ్చింది. తండ్రి పోయిన ఇంట్లో పదమూడు రోజులు గుమిగూడిన బంధువుల కథ. ఇంటిల్లిపాదీ మాట్లాడుతూ ఉంటే ఏ ఒక్కరి గొంతూ మునిగిపోకుండా తీయడం, 'హమ్ లోగ్' ఇంట్లో కూర్చుని నేర్చుకున్న పనేనని నాకు అనిపిస్తుంది.

మఝ్లీ, అంటే దివ్యా సేఠ్, కథలోలా దారి తప్పలేదు. 'జబ్ వి మెట్', 'దిల్ ధడక్నే దో' దాకా అమ్మ, అత్త, పెద్దింటి ఆడమనిషి వేషాల్లో కనబడుతూనే ఉన్నారు. ఛుట్కీగా వేసిన లవ్లీన్ మిశ్రా కూడా టీవీలో కొనసాగారు. ముగ్గురూ నిలబడ్డారు. కానీ ముగ్గురిలో ఏ ఒక్కరినీ నిలబెట్టింది 'హమ్ లోగ్' పేరు కాదని నా వాదన. ఇక్కడ మండీహౌస్ చుట్టూ ఒక కిలోమీటరు లోపలే కమానీ, శ్రీరామ్ సెంటర్, ఎల్‌టీజీ, జాతీయ నాటక పాఠశాల ఉన్నాయి. టీవీ దీపం ఆరిపోయాక తిరిగి వచ్చి నిలబడడానికి వాళ్లకు రంగస్థలం అనే ఇల్లు ఉంది.

ఆ నాటక పాఠశాల నుంచే వచ్చిన మరో ఇద్దరి గురించి. నీనా గుప్తా ఢిల్లీ పిల్ల. 1980లలో దూరదర్శన్‌లో 'ఖాన్‌దాన్', 1998లో స్టార్ ప్లస్‌లో స్వయంగా దర్శకత్వం వహించి నటించిన 'సాన్స్'. ఇంత చేసిన మనిషి 2017లో, తాను ముంబైలోనే ఉన్నాననీ, మంచి నటిననీ, మంచి పాత్రలు కావాలనీ ఇన్‌స్టాగ్రామ్‌లో రాయవలసి వచ్చింది. ఆ మరుసటి ఏడాదే 'బధాయీ హో', అదీ ఢిల్లీ కథ. పని అడగడానికి సిగ్గుపడని ఆ ఒక్క పోస్టు, ఎన్ని సన్మానాలకన్నా విలువైంది.

రెండో ఆవిడ కవితా చౌధరి. 1989లో వచ్చిన 'ఉడాన్'కు రచన, దర్శకత్వం, ప్రధాన పాత్ర మూడూ ఆవిడే. తన అక్క, ఐపీఎస్ అధికారిణి కాంచన్ చౌధరి భట్టాచార్య జీవితమే దానికి ఆధారం. కాంచన్ గారు 2004లో ఉత్తరాఖండ్ డీజీపీ అయ్యారు, దేశంలో ఆ పదవికి వచ్చిన మొదటి మహిళ. అమెరికాలో 'ఐ లవ్ లూసీ' నటి లూసిల్ బాల్ స్టూడియోకే యజమాని అయినట్టు, ఇక్కడ కవిత తన కథకు తానే యజమాని అయ్యారు. 2024 ఫిబ్రవరిలో ఆవిడ పోయినప్పుడు చాలా పత్రికలు సర్ఫ్ ప్రకటనలోని లలితాజీగానే గుర్తు చేసుకున్నాయి. నాకు ఒళ్లు మండింది. సబ్బు పొడి కొనమని చెప్పిన ముప్పై సెకన్లు ఉంటాయి గానీ, ఒక ఆడపిల్ల పోలీసు అధికారి కావడాన్ని రాసి, తీసి, నటించిన పని పక్కకు పోతుంది!

అసలు సిసలు హాస్య ధారావాహిక కావాలంటే అదే 1984లో బొంబాయి నుంచి వచ్చిన 'యే జో హై జిందగీ' ఉంది. అందులో నాయిక స్వరూప్ సంపత్, 1979 మిస్ ఇండియా. తర్వాత ఆవిడ ఇంగ్లండ్‌లోని వోర్సెస్టర్ విశ్వవిద్యాలయంలో విద్యాశాస్త్రంలో డాక్టరేటు చేసి, నాటకం ద్వారా పిల్లలకు పాఠాలు చెప్పే పనిలో పడ్డారు. మాస్టారు ఉండి ఉంటే ఆవిడ పేరు విని సంతోషించేవారు.

మన తెలుగు సంగతి త్వరగా చెప్పేస్తాను. 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చిన గుణ్ణం గంగరాజు గారి 'అమృతం' మన తెలుగు హాస్య ధారావాహికలకు కిరీటం. అందులో భార్య సంజీవని పాత్రను ఝాన్సీతో మొదలుపెట్టి ఒకరి తర్వాత ఒకరు వేశారు. అమృతం పాత్ర కూడా శివాజీ రాజా నుంచి నరేశ్‌కు, హర్షవర్ధన్‌కు మారిన మాట నిజమే. కానీ ఇప్పుడు ఎవరినైనా అడిగి చూడండి. ముగ్గురు అమృతాలనూ వరసగా చెబుతారు, సంజీవనుల దగ్గర తడబడతారు. జనం గుర్తులో కూడా ఈ తేడా ఉంది.

ఇంకొకటి. 'చిన్నారి పెళ్లికూతురు'గా మన ఇళ్లలోకి వచ్చిన 'బాలికా వధు' 2008లో మొదలైనప్పుడు ఆనందిగా వేసిన అవికా గోర్‌కు పదకొండేళ్లు. 2013లో 'ఉయ్యాల జంపాల'తో మన తెలుగు నాయిక అయ్యేసరికి పదహారు. ఆ అమ్మాయి నిలదొక్కుకుంది. ఆమె తర్వాత పెద్ద ఆనందిగా వేసిన ప్రత్యూషా బెనర్జీ 2016లో 24 ఏళ్లకే చనిపోయింది. దీని మీద వ్యాఖ్యానం చేయను.

చట్టం గురించి చెప్పి ముగిస్తాను. తల్లిదండ్రులు మింగేసిన జాకీ కూగన్ అనే బాలనటుడి సంపాదన కథ వల్ల కాలిఫోర్నియాలో 1939లోనే చట్టం వచ్చింది. ఇప్పుడు అక్కడ బాలనటుల సంపాదనలో 15 శాతం వాళ్ల పేరు మీద దాచాలి. మన దేశంలో ఆ ఏర్పాటు రావడానికి 2017 దాకా ఆగాల్సి వచ్చింది. బాలకార్మిక చట్టం కింద ఆ ఏడాది సవరించిన నిబంధనల ప్రకారం, పిల్లలతో షూటింగ్ చేయాలంటే నిర్మాత జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. రోజుకు ఐదు గంటలకు మించకూడదు, విరామం లేకుండా మూడు గంటలకు మించకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరు మీద జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. శాతంలో మనమే అమెరికాకన్నా ముందున్నాం. ఆచరణ కోసం అడిగేవాళ్లే కావాలి.

పెద్ద నటుల విషయంలో 2012 కాపీరైటు సవరణ, వాళ్ల ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీకి హక్కు ఉందని చెప్పింది. 2024 నవంబరులో ప్రసార భారతి 'వేవ్స్' అనే తన ఓటీటీని మొదలుపెట్టినప్పుడు, అందులోని పాత నిధుల జాబితాలో 'హమ్ లోగ్' పేరు గర్వంగా చెప్పింది. గర్వపడవలసిందే. ఆ గర్వంతో పాటు, ఆ పాత ధారావాహికల్లో నటించిన వాళ్లకు, లేదా వాళ్ల వారసులకు, ఒక్కో ప్రదర్శనకు ఎంత ఇస్తున్నదీ బహిరంగంగా ప్రకటించమని ఈ సభ తరఫున ఒక తీర్మానం చేసి మండీహౌస్‌కు పంపాలని అధ్యక్షులవారిని కోరుతున్నాను. ఉత్తరం రాయడం మనకు కొత్త కాదు. 1984-85లో 4 లక్షల ఉత్తరాలు వెళ్లాయి కదా, ఇంకొకటి వెళుతుంది.

ఈ హాల్లో కూర్చున్న అమ్మానాన్నలకు మరో మనవి. మీ పాపను నోయిడా ఫిల్మ్ సిటీకో, ముంబైకో, హైదరాబాద్‌కో ఆడిషన్‌కు తీసుకెళ్లే రోజు రావచ్చు. సంతోషంగా తీసుకెళ్లండి. చదువు మాన్పించకండి, వారానికి ఒక రోజైనా నాటకం క్లాసుకు పంపండి. షూటింగ్ మొదలయ్యే ముందు జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కాగితం చూపించమని అడగండి. డబ్బు చేతికొచ్చిన రోజు పాప పేరు మీద వేసిన డిపాజిట్ రసీదు అడిగి తీసుకోండి. ఆ మాటకు ముఖం చిట్లించే నిర్మాత దగ్గర మీ పాపకు పని వద్దు.